పగలగొట్టేది తగ్గిస్తే లక్షన్నరలో వంటిల్లు

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో పాతికేళ్ల కింద కట్టిన ఇండ్లలో వంటగదులు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. రెండు గోడల వెంబడి ఎల్ ఆకారంలో వంట గద్దె, దాని కింద ఇటుక గోడల మధ్య కడప బండ అరలు, తలుపులుండవు. పైన సజ్జ, దాని మీద పెళ్లినాటి గంజులు. కిటికీ పక్కన సింకు, దాని గొట్టం గోడ దాటి నేరుగా బయటి మోరిలోకి. పాత వంటగదిని బాగు చేయించుకోవడానికి ఇక్కడ చెప్పే లెక్కలన్నీ అలాంటి గదికే. మీది కొంచెం పెద్దదైనా చిన్నదైనా పద్ధతి మారదు.

ఇలాంటి గదికి లక్షన్నర అనుకుని మొదలుపెట్టిన పని మూడు లక్షలకు చేరేది ఖరీదైన తలుపుల వల్ల అనుకుంటారు. చాలాసార్లు అది సింకు జరపడం వల్ల. సింకును అవతలి గోడకు మార్చారనుకోండి. గచ్చు తవ్వాలి, మోరి గొట్టం కొత్తగా వేయాలి, బయట చాంబర్ (మోరి నీళ్లు పడే చిన్న తొట్టి) కట్టాలి, తవ్విన గచ్చు అతుకు కనిపిస్తుంది కాబట్టి గదంతా టైల్స్ వేయాలి, టైల్స్ వేస్తే గచ్చు లేస్తుంది, గచ్చు లేస్తే తలుపు కింద కోయాలి. ఒక్క మార్పు వెనక ఐదు పనులు. అందుకే సింకు, మోరి, గద్దె గోడలు ఉన్నచోటే ఉంచడం మొదటి నిర్ణయం. మిగతావన్నీ దాని తర్వాతే.

వాస్తు కోసమే జరపాలనుకునేవాళ్లకు ఒక దారి ఉంది. గ్యాస్ పొయ్యి గద్దె మీద ఎటైనా జరుగుతుంది, దానికి గోడ కొట్టే పని లేదు. పొయ్యిని ఆగ్నేయం వైపు తెచ్చుకుని సింకును వదిలేయండి. అయితే పొయ్యిని మరీ మూలకు నెట్టొద్దు. పక్క గోడకు కనీసం ఒక అడుగు వదలకపోతే కడాయి చెవి గోడకు తగులుతుంది, మోచెయ్యి ఆడదు.

టేపు, సుద్దముక్క, నాలుగు ఇటుకలు

షాపుకు వెళ్లేముందు ఒక పూట కొలతలకు ఇవ్వండి. గోడల పొడవు, గద్దె ఎత్తు, లోతు, గద్దె నుంచి సజ్జ దాకా ఎంత, కిటికీ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఇవన్నీ కాగితం మీద పెట్టాలి. చాలామంది వదిలేసేది కిటికీ కొలతనే. పాత గద్దె మీద గ్రానైట్ వేస్తే ఒకటిన్నర అంగుళం పైకి వస్తుంది. కిటికీ అడుగు దానికన్నా కిందుంటే గద్దె మీది నీళ్లు కిటికీ చెక్కలోకి పోతాయి.

మూల సరిగ్గా ఉందో లేదో కూడా చూడాలి. సుతారి మేస్త్రి గుణ్యా (మూల కొలిచే ఎల్ ఆకారం పట్టీ) పెట్టి చూస్తాడు. మీరైతే మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులకు, రెండో గోడ మీద 4 అడుగులకు సుద్దతో గీత పెట్టి, ఆ రెండు గీతల మధ్య కొలవండి. 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. అర అంగుళం లోపు తేడా టైల్ మందంలో కలిసిపోతుంది. అంతకన్నా ఎక్కువుంటే గ్రానైట్‌ను నేరుగా కోయించొద్దు, గోడ వంపు ప్రకారం అట్ట కత్తిరించి ఆ అట్టనే కటింగ్ వాళ్లకు ఇవ్వాలి.

గద్దె ఎత్తు ఎంతుండాలి అంటే అందరూ 32 నుంచి 34 అంగుళాలు అంటారు. వండే మనిషి మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుంటే నడుం లాగదు, అది అసలు కొలత. కానీ జొన్న రొట్టె చేసే ఇంట్లో ఇంకో లెక్క ఉంది. రొట్టె చరిచేటప్పుడు బలం భుజం నుంచి దిగాలి, గద్దె ఎత్తుగా ఉంటే మణికట్టు మీద పడుతుంది. పైగా పెనం పెట్టేది పొయ్యి మీద. పొయ్యి ఇంకో నాలుగైదు అంగుళాలు లేపుతుంది. అందుకని నాలుగు ఇటుకలు, ఒక పలక తెచ్చి పాత బల్ల మీద 31, 32, 33 అంగుళాల ఎత్తు వచ్చేలా పేర్చి, వండేవాళ్లను పిండితో సహా నిలబెట్టి రొట్టె చేయించండి. రెండు రొట్టెలయ్యేసరికి ఏ ఎత్తు కుదిరిందో వాళ్లే చెప్తారు. గచ్చు మీద కొత్తగా టైల్స్ వేస్తుంటే అది లేచిన మేరకు గద్దె దిగినట్టేనని మర్చిపోవద్దు.

ఇక సామాను లెక్క. రెండు సిలిండర్లు, 25 కిలోల బియ్యం బస్తా, నూనె డబ్బా, ఏడాదికి పెట్టిన మామిడికాయ తొక్కు జాడీలు, కారం డబ్బా, గ్రైండర్, మిక్సీ. వీటిలో ప్రతిదానికీ ఒక చోటు రాసుకున్న తర్వాతే అరల గురించి మాట్లాడాలి. సంక్రాంతికి సకినాలు చేసే ఇంట్లో గది మధ్య గచ్చు ఖాళీగా ఉండాలి. బట్ట పరిచి నలుగురు చుట్టూ కూర్చోవడానికి చోటు కావాలి కాబట్టి, మధ్యలో బల్ల గాని, మూడో గోడకు అదనపు గద్దె గాని కట్టించొద్దు.

డబ్బు ఎటు పోవాలి

రేట్లు ఆర్నెల్లకోసారి మారుతుంటాయి, అందుకని వాటాలు చెప్పుకుందాం. లక్షన్నరలో నల్లా, మోరి పనికి 18,000. కరెంటుకు 15,000. గ్రానైట్, టైల్స్, సుతారి కూలి కలిపి 42,000. చెక్క పనికి 48,000. సింకు, నల్లాలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు 12,000. మిగిలిన 15,000 ముట్టొద్దు. పాత ఇంట్లో గోడ తెరిస్తే లోపల తుప్పు పట్టిన ఇనుప గొట్టం బయటపడుతుంది, దాన్ని మార్చేది ఈ డబ్బే. చివరిదాకా మిగిలితే చిమ్నీ కొనుక్కోవచ్చు.

డబ్బు చాలకపోతే కోత పెట్టాల్సింది చెక్క పనిలో. పై క్యాబినెట్లు వచ్చే ఏడాది పెట్టించుకోవచ్చు. గోడలోపలి గొట్టాన్ని, వైరును వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే టైల్స్ పగలగొట్టాలి.

పని ఇచ్చేటప్పుడు ఏది రోజు కూలికి, ఏది గుత్తకు అన్నది తేల్చుకోండి. కొట్టే పని, సామాను మోసే పని రోజు కూలికి మేలు. టైల్స్, గ్రానైట్ చదరపు అడుగు లెక్కన గుత్తకే ఇవ్వాలి. గుత్త రేటులో ఏమేమి కలిశాయో ఒక కాగితం మీద రాయించుకోవాలి: గ్రానైట్ అంచు పాలిష్, సింకుకు రంధ్రం, పై అంతస్తుకు మోత, శిథిలాలు ఎత్తి పారేయడం. గొడవలన్నీ ఈ నాలుగింటి దగ్గరే వస్తాయి.

కొలతల్లో ఇంకో మోసం మూల దగ్గర జరుగుతుంది. గద్దె 10 అడుగులు ఒక గోడకు, 8 అడుగులు ఇంకో గోడకు. కూడితే 18 రన్నింగ్ ఫీట్లు అంటారు. కానీ మూలలో రెండు అడుగులు రెండుసార్లు లెక్కకు వచ్చాయి. రెండడుగుల వెడల్పు గద్దెకు అసలు పొడవు 16, విస్తీర్ణం 32 చదరపు అడుగులు. తలుపులకైతే ముందు వైపు కొలవాలి, అది 8, 6 కలిపి 14 అడుగులే. ఏ గీత మీద కొలుస్తున్నారో టేపు పట్టినప్పుడే అడగండి.

నల్లా, మోరి

పాత ఇనుప గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల తుప్పు చేరి సన్నగా అయిపోతుంది. నల్లాలో ధార సన్నబడితే గోడలోని గొట్టం మార్చే సమయం వచ్చినట్టే. చన్నీళ్లకు యూపీవీసీ ప్లాస్టిక్ గొట్టం, గీజర్ ఉంటే వేడి నీళ్లకు వేడి తట్టుకునే సీపీవీసీ. ట్యాంకు నుంచి వంటింటి దాకా ముప్పావు అంగుళం, నల్లాకు అర అంగుళం. పాత ఇనుప గొట్టానికి కొత్త ప్లాస్టిక్ గొట్టం అతకాల్సిన చోట ఇత్తడి మర ఉన్న అడాప్టరే వాడాలి. ప్లాస్టిక్ మరను ఇనుపదానికి బిగిస్తే కొన్నాళ్లకు పగులుతుంది. సింకు కింద యాంగిల్ కాక్ (ఆ నల్లా ఒక్కదానికే నీళ్లు ఆపే చిన్న వాల్వు) తప్పనిసరి. అది లేకపోతే నల్లా వాషర్ మార్చడానికి ఇంటి మొత్తానికి నీళ్లు ఆపాలి.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్న ఇండ్లలో నల్లా మూతికి తెల్లటి పొర కడుతుంది. మిషన్ భగీరథ నీళ్లో మున్సిపల్ నీళ్లో వేరే లైన్‌లో వస్తుంటే, గోడ తెరిచి ఉన్నప్పుడే సింకు దగ్గరికి రెండో గొట్టం లాగి వాటర్ ఫిల్టర్‌కు దాన్ని ఇవ్వండి. తర్వాత చేయాలంటే టైల్ కోయాలి.

గోడ పూడ్చకముందు రెండు పనులు. ఒకటి, కొత్త గొట్టాల చివర్లకు మూతలు బిగించి ట్యాంకు నిండుగా ఉంచి రాత్రంతా వదిలేయాలి. పొద్దున అతుకుల దగ్గర వేలితో తడిమితే తడి తెలుస్తుంది. రెండు, గొట్టాలు కనిపించేలా గోడకు టేపు ఆనించి ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. రేపు వడ్రంగి డ్రిల్ పెట్టేటప్పుడు గొట్టం ఎక్కడుందో ఆ ఫొటోయే చెప్తుంది.

మోరి గొట్టానికి వాలు అడుక్కి పావు అంగుళం. సింకు నుంచి బయటి చాంబర్ ఎనిమిది అడుగులుంటే గొట్టం రెండు అంగుళాలు దిగాలి. తక్కువైతే నూనె జిడ్డు పేరుకుంటుంది. సింకు కింద ముడతల గొట్టం పెట్టి గచ్చు రంధ్రంలో దూర్చడం మన దగ్గర అలవాటు. ఆ ముడతల్లో అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, రంధ్రం చుట్టూ ఉన్న సందులోంచి బొద్దింకలు వస్తాయి. దాని బదులు 40 ఎంఎం నున్నటి పీవీసీ గొట్టం, మధ్యలో నీళ్లు నిలిచే ట్రాప్, గచ్చు దగ్గర రబ్బరు కాలర్. వాసనకు, బొద్దింకలకు అడ్డు ఆ నిలిచే నీళ్లే.

సింకు కొనేటప్పుడు ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గంజు వెంట తీసుకెళ్లినా తప్పులేదు. 24 బై 18 అంగుళాల సింకు, 9 అంగుళాల లోతు ఉంటే చాలా బోళ్లు పడతాయి. స్టీలు 304 గ్రేడ్, మందం 1 ఎంఎం. రెండు తొట్ల సింకు చిన్న గద్దెకు వద్దు, రెండింట్లోనూ పెద్ద బోలు పట్టదు.

కరెంటు

పాత వంటగదిలో ఒక ట్యూబులైటు, ఒక ప్లగ్గు ఉంటాయి. ఆ ఒక్క ప్లగ్గుకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి మిక్సీ, ఫిల్టర్, ఇండక్షన్ పొయ్యి నడిపిస్తుంటారు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అది 6 ఆంపియర్ల ప్లగ్గు పని కాదు, ప్లగ్గు కరిగి గోడ నల్లబడేది అందుకే.

ఈ గదికి 16 ఆంపియర్ల ప్లగ్గులు రెండు, 6 ఆంపియర్లవి నాలుగు సరిపోతాయి. 16 వాటికి 4 చదరపు ఎంఎం రాగి వైరు మెయిన్ బోర్డు నుంచి విడిగా రావాలి, 6 వాటికి 2.5, లైట్లకు 1.5. వంటింటి లైన్‌కు వేరే ఎంసీబీ (లోడ్ మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు), ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది). తడి చేతుల గదిలో దీన్ని ఖర్చు అనుకోవద్దు. ఎర్త్ వైరు నిజంగా భూమిలోకి దిగిందో లేదో పరీక్ష పెట్టి చూపించమనండి. మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు.

ప్లగ్గులు గద్దెకు 8 నుంచి 10 అంగుళాల పైన ఉండాలి. సింకుకు రెండడుగుల దూరం పాటించాలి, పొయ్యి వెనక అసలే వద్దు. ఫ్రిజ్‌కు దానిదే ప్లగ్గు. ఇండక్షన్, ఒవెన్ కొత్తగా పెడుతుంటే కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుందో చూసి, చాలకపోతే కరెంటు సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు చేసి పెంచుకోవాలి.

మట్టితో కట్టిన మందపాటి గోడల పెంకుటింట్లో అయితే గోడను కోసి గొట్టం దింపే ఆలోచన మానుకోండి. కట్టర్ తగిలితే గోడ పెళ్లలుగా రాలుతుంది. గోడ పైనుంచే కేసింగ్ పట్టీలో వైర్లు తీసుకెళ్లడం ఖర్చు తక్కువ, గోడకూ మంచిది.

గద్దె మీద గ్రానైట్

పాత గద్దె బండ గట్టిగా ఉంటే దాన్ని తీయొద్దు. సుత్తితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినచోట మాత్రమే పెచ్చు తీసి పూడ్చాలి. మిగతా అంతా ఉలితో గంట్లు పెట్టి, కడిగి, ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు మాలు పరిచి పైన గ్రానైట్ వేయాలి. నున్నటి బండ మీద గంట్లు పెట్టకుండా వేస్తే ఏడాదిలో పలక లేస్తుంది.

రాయికి దూరం పోనక్కర్లేదు. కరీంనగర్ టాన్ బ్రౌన్ మన పక్కనే దొరుకుతుంది, మోత ఖర్చు తక్కువ. ముదురు గోధుమ రంగులో ఎర్రటి చుక్కలు, పసుపు మరక, నూనె మరక కనిపించవు. తెల్ల రాయి షాపులో అందంగా ఉంటుంది, పోపు పడ్డాక కాదు. నల్ల రాయి చవగ్గా వస్తుంటే ఒకసారి పరీక్షించండి. తెల్ల గుడ్డ మీద గోళ్ల రంగు తీసే ద్రవం పోసి గట్టిగా రుద్దితే గుడ్డకు నలుపు అంటుతుందా? అంటితే అది రంగు పూసిన రాయి, పులుసు పడ్డచోట తేలిపోతుంది.

18 ఎంఎం మందం గ్రానైట్ చదరపు అడుగు దాదాపు నాలుగున్నర కిలోలు. పది అడుగుల పలక అంటే 90 కిలోలు. నలుగురు పట్టుకుని, నిలబెట్టి మోయాలి. పడుకోబెట్టి మోస్తే సింకు రంధ్రం దగ్గర విరుగుతుంది. ఆ రంధ్రానికి ముందు భాగంలో కనీసం మూడు అంగుళాల రాయి మిగలాలి, దాని కింద ఆసరాగా బండ ముక్కో ఇనుప యాంగిలో ఉండాలి. 32 చదరపు అడుగుల గద్దెకు తరుగుతో కలిపి 36 కొనాల్సి వస్తుంది.

కటింగ్ వాళ్లకు చెప్పాల్సిన చిన్న పని ఒకటుంది, చెప్పకపోతే ఎవరూ చేయరు. గద్దె ముందు అంచు తలుపుల కన్నా ఒక అంగుళం బయటికి రావాలి. ఆ అంచు అడుగున, చివరికి అర అంగుళం లోపల, పొడవునా సన్నటి గాడి కోయించాలి. గద్దె మీంచి జారిన నీళ్లు అడుగు భాగం వెంట లోపలికి పాకి తలుపు పై అంచును తడుపుతుంటాయి. గాడి ఉంటే నీళ్లు అక్కడే బొట్టుగా రాలిపోతాయి. ప్లైవుడ్ తలుపులు ముందుగా ఉబ్బేది పై అంచే, దానికి మందు ఈ గాడి.

టైల్స్

గ్రానైట్ పడిన తర్వాతే గోడ టైల్స్. మొదటి వరుస గ్రానైట్ మీద కూర్చోవాలి, అప్పుడే వెనక సందులోంచి నీళ్లు దిగవు. సున్నం, పెయింటు ఉన్న గోడ మీద టైల్ నిలవదు, దాన్ని గీకి గంట్లు పెట్టాల్సిందే. సిమెంటు మాలుతో వేసే సిరామిక్ గోడ టైల్స్‌ను ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మాలులోని తడిని పీల్చేసి ఊడిపోతాయి. విట్రిఫైడ్ టైల్స్‌ను నానబెట్టే పని లేదు, అవి నీళ్లు పీల్చవు. వాటికి టైల్ అడెసివ్ వాడాలి.

గద్దె పైన రెండడుగుల ఎత్తుకు 18 అడుగుల గోడ, 36 చదరపు అడుగులు. రెండడుగులు బై అడుగు టైల్స్ 18 పడతాయి, విరిగేవాటికి రెండు కలిపి 20. బాక్సుల మీద బ్యాచ్ నంబర్ ఒకటే ఉందో లేదో చూడాలి, వేరైతే గోడ మీద రంగు తేడా కొడుతుంది. టైల్స్ సందులు పూడ్చే గ్రౌట్ పొయ్యి వెనక ఎపాక్సీది, మిగతాచోట మామూలుది చాలు.

గచ్చు బాగానే ఉంటే వదిలేయడమే మంచిది. తాండూరు బండలైతే పాలిష్ చేయించండి, కొత్త టైల్స్ కన్నా చాలా చవక. వేయాల్సిందే అంటే గద్దె పోను మిగిలేది 8 బై 6, 48 చదరపు అడుగులు. రెండడుగుల టైల్స్ 12, తరుగుకు రెండు. మెరిసేవి వద్దు, నూనె బొట్టు పడితే కాలు జారుతుంది. గడప దగ్గర పాత గచ్చు కన్నా ఎంత లేస్తుందో ముందే చూడాలి, వంటింటి నీళ్లు హాల్లోకి రాకూడదు.

చెక్క పని

కింద ఇటుక గోడలు, కడప బండ అరలు ఉన్నాయంటే మాడ్యులర్ పెట్టెల అవసరం లేదు. బండకు చెదలు పట్టవు, నీళ్లకు ఉబ్బదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లు ఇండ్లలోకి వచ్చిన కాలనీల్లో కింది ప్లైవుడ్ పెట్టెలకు ఏం గతి పట్టిందో అక్కడివాళ్లను అడిగితే తెలుస్తుంది. అరలు ఉంచేసి, ముందుకు ఒక ఫ్రేమ్ కొట్టి తలుపులు బిగిస్తే చాలు. ఇటుక గోడల అంచులు వంకరగా ఉంటాయి కాబట్టి తలుపు కీలు నేరుగా గోడకు కాదు, రెండు అంగుళాల డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పట్టీకి బిగించాలి. నేలకు నాలుగు అంగుళాలు వదిలి తలుపు మొదలవ్వాలి, తుడుపు తడి దానికి అంటదు, నిలబడినప్పుడు కాలి వేళ్లకు చోటూ దొరుకుతుంది.

ముందు 14 అడుగులు, తలుపు ఎత్తు సుమారు 28 అంగుళాలు, అంటే 33 చదరపు అడుగులు. ఒక ప్లైవుడ్ షీటు 8 బై 4, 32 అడుగులు. ఒకటి చాలదు, రెండు కొంటే మిగిలిన దాంట్లో సొరుగులకు, పై అరకు సరిపోతుంది. 18 లేదా 19 ఎంఎం మందం, షీటు మీద నీళ్లకు తట్టుకునే రకానికి వేసే ఐఎస్ 710 ముద్ర ఉండాలి. ఐఎస్ 303 అని ఉంటే ధర తక్కువ, వంటింటికి అది వద్దు. నమ్మకం కుదరకపోతే రెండంగుళాల ముక్క కోయించుకుని ఇంటికి తెచ్చి మూడు నాలుగు గంటలు నీళ్లలో ఉడకబెట్టండి. పొరలు విడిపోయాయంటే ముద్ర ఏం చెప్పినా అది వంటింటి చెక్క కాదు.

బయట ఒక ఎంఎం లామినేట్ అంటించి లోపల వదిలేయడం చూస్తుంటాం. ఒకవైపే అంటిస్తే తలుపు వాన కాలంలో విల్లులా వంగుతుంది. లోపల సన్నదైనా సరే అంటించాలి. నాలుగు అంచులకూ ఎడ్జ్ బ్యాండ్ (అంచు కప్పే సన్నటి పట్టీ) ఉండాలి, ముఖ్యంగా కింది అంచుకు. కంటికి కనిపించదని వడ్రంగి దాన్నే వదిలేస్తాడు, మీరు వంగి చేత్తో తడిమి చూడాలి.

సొరుగులు మూడు చాలు: గరిటెలకు ఒకటి, పళ్లేలకు ఒకటి, మసాలా డబ్బాలకు ఒకటి. ప్రతి సొరుగుకు ఛానళ్లు, బుట్ట కలిసి ఖర్చు పెరుగుతుంది, బియ్యం డబ్బాకు సొరుగుతో పని లేదు. 20 అంగుళాల టెలిస్కోపిక్ ఛానళ్లు, బుట్టలైతే 304 స్టీలు. సింకు కింద మాత్రం ప్లైవుడ్ వద్దే వద్దు. గాలి ఆడే అల్యూమినియం తలుపు పెట్టండి. ఇంకా డబ్బు తగ్గించాలంటే తలుపులన్నీ అల్యూమినియం ఫ్రేముల్లోనే చేయించుకోవచ్చు, అందం కొంచెం తగ్గుతుంది, చెదల బాధ ఉండదు. కొలతలు గ్రానైట్, టైల్స్ అయ్యాకే తీసుకోమనాలి. ముందే తీసుకుని షాపులో చేసుకొచ్చిన తలుపులు పావు అంగుళం తేడాతో మూసుకోవు.

గ్యాస్, పొగ

సిలిండర్ పొయ్యి కన్నా కిందే, నిలబెట్టే ఉండాలి. దాని అరకు తలుపు పెడితే అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది, పైన మాత్రమే రంధ్రం పెట్టి లాభం లేదు. ఆ అరలో ప్లగ్గు గాని, స్విచ్చు గాని ఉండొద్దు. నారింజ రంగు సురక్షా పైపు ఒకటిన్నర మీటరుకు మించకుండా, కళ్లకు కనిపించేలా ఉండాలి, అయిదేళ్లకోసారి మార్చాలి. గోడలో దాచొద్దు.

మన పోపు ఘాటుకు ఏదో ఒకటి ఉండాల్సిందే. డబ్బు తక్కువుంటే పొయ్యికి దగ్గర్లో, గోడ పైభాగంలో 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పని చేస్తుంది, అయితే ఎదురుగా తలుపో కిటికీయో తెరిచి ఉండాలి, లోపలికి గాలి రాకపోతే బయటికి పోయేదీ ఉండదు. చిమ్నీ అయితే పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల పైన, గొట్టానికి రెండు మలుపులు మించకుండా. ఇప్పుడు కొనకపోయినా ఆరు అంగుళాల రంధ్రం, ఒక ప్లగ్గు ఇప్పుడే పెట్టించి మూసి ఉంచండి.

ఎప్పుడు, ఏ వరుసలో

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వానల్లో చెక్క ఉబ్బుతుంది, పెయింటు ఆరదు. ఎండాకాలంలో మాలు తొందరగా ఎండి పగులుతుంది, రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్లు కొట్టాలి. దసరాకు ముందు అందరి ఇండ్లలోనూ పనులుంటాయి, మేస్త్రి ఒక పూట వచ్చి రెండు రోజులు కనిపించడు. మేడారం జాతర ఉండే ఏడాదైతే ఆ వారం ఎవరూ దొరకరు, దాన్ని లెక్కలో వేసుకోండి.

సామాను తీసి వరండాలో పొయ్యి, ఒక డ్రమ్ము నీళ్లు పెట్టుకోవడం మొదటి రోజు. కొట్టడం ఒక రోజు, గొట్టాలు, వైర్లు మూడు రోజులు, రాత్రంతా నీళ్ల పరీక్ష, పూడ్చి ఆరబెట్టడం వారం. గ్రానైట్ రెండు రోజులు, టైల్స్ మూడు. ఒక రోజు ఆరాక గ్రౌట్. తర్వాత పెయింటు, చివర తలుపులు. అన్నీ కలిసి నెల. శిథిలాలను బస్తాల్లో నింపి మేస్త్రితోనే ఎత్తించాలి, మోరి పక్కన కుప్ప పోస్తే మొదటి వానకే మీ గల్లీ మోరి నిండుతుంది.

డబ్బు నాలుగు వాయిదాల్లో ఇవ్వండి, చివరి ఐదోవంతు పరీక్ష అయ్యాకే. సింకును అంచుదాకా నింపి ఒక్కసారిగా బిరడా లాగాలి, కింద ట్రాప్ అడుగున పాత పేపర్ పరిచి ఉంచాలి. ఇండక్షన్, మిక్సీ, ఫ్రిజ్ ఒకేసారి పది నిమిషాలు నడిపి ప్లగ్గుల మీద చెయ్యి పెట్టి వేడి చూడాలి. గద్దె మీద చెంబుడు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో, తలుపుల పైకి పాకుతున్నాయేమో చూడాలి. తర్వాత వంగి ఆ పేపర్ తీయండి. ఒక్క చుక్క తడి ఉన్నా ప్లంబర్‌ను మళ్లీ పిలిచి, ఇంకోసారి సింకు నింపించండి.